ఎవరూ వంక పెట్టని కన్ను

పూర్వం మనిషిని వెలివేస్తే డప్పు కొట్టి మరీ చెప్పేవాళ్ళట. ఫలానావాడికి నిప్పు ఇవ్వకూడదు, నీళ్ళు ఇవ్వకూడదు అని వీధి వీధికీ తిరిగి చాటేవాళ్ళు. దుర్మార్గమే, కాదనను. కానీ వెలిపడ్డవాడికి తను వెలిపడ్డ సంగతి తెలిసేది. తిట్టుకునేవాడో, కాళ్ళు పట్టుకునేవాడో, మూటా ముల్లే సర్దుకుని పోయేవాడో. నా విషయంలో ఆపాటి మర్యాద కూడా జరగలేదు. నన్ను వెలివేసిన సంగతి జనానికీ తెలియదు, నాకూ తెలియదు. వేసినవాడు ఒక్కడికే తెలుసు. వాడు నా శిష్యుడు.

నేను కళ్ళు చేస్తాను. జనం గాజు కన్ను అంటారు గానీ ఇప్పుడు అందులో గాజు లేదు, కట్టుడు పళ్ళ చిగుళ్ళకి వాడే ప్లాస్టిక్కే. దెబ్బ తగిలో, జబ్బు చేసో కన్ను పోయినవాళ్ళని ఆసుపత్రివాళ్ళు నా దగ్గరికి పంపిస్తారు. వాళ్ళని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఉన్న కంటిని చూస్తూ లేని కన్ను తయారుచేస్తాను. నల్లగుడ్డు రంగుల్ని సన్న కుంచెతో పొర మీద పొరగా వేస్తాను. తెల్లగుడ్డులో నరాల కోసం ఎర్ర పట్టుదారాన్ని పోగులుగా విడదీసి అంటిస్తాను. చూపు ఇవ్వడం నా వల్ల కాదు. ఎదుటివాళ్ళు తల తిప్పుకోకుండా మాట్లాడేలా చెయ్యడం మాత్రం అవుతుంది.

ఈ పని చేసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఒక ఊళ్ళో ఇద్దరుంటే వింతే. నా తప్పు నాకు చెప్పేవాడు చుట్టుపక్కల ఉండడు కాబట్టి, ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళం కలిసి ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. దాన్ని నడిపేది నా శిష్యుడు. నా దగ్గర పని నేర్చుకుని, వేరే ఊళ్ళో సొంతంగా చేసుకుంటున్నాడు. గ్రూపులో ఒక పద్ధతి ఉంది. చేసిన కన్నుని మనిషికి పెట్టి, వాళ్ళని అడిగి, కళ్ళ వరకే కనిపించేలా పగటి వెలుతురులో ఫొటో తీసి పెట్టాలి. కింద "వంక చెప్పండి" అని రాయాలి. వంక ఉంటే చెబుతారు. లేకపోతే నోరు మూసుకుంటారు. మెచ్చుకోళ్ళు లేవు. మెచ్చుకుంటే పనివాడు అక్కడితో ఆగిపోతాడని మా పాతవాళ్ళ నమ్మకం. మౌనం అర్ధాంగీకారమని లోకం అంటుంది. మా దగ్గర అది పూర్తి అంగీకారం. నా ఫొటో కింద ఖాళీగా ఉన్న రోజున అన్నం నాలుగు ముద్దలు ఎక్కువ దిగేది.

వంకలు చెప్పడంలో నాది అందెవేసిన చెయ్యి. వెనకాల నన్ను వంకల మాస్టారు అంటారని తెలుసు, బాధ లేదు. ఒకతను పెట్టిన కంటికి "ఇది నిద్రపోతోంది, లేపు" అని రాశాను. ఇంకొకామెకి "అమ్మా, ఇది చేప కన్ను" అని రాశాను. ఆమె మళ్ళీ చేసి పెట్టిన కన్ను చూసి నేను నోరు మూసుకున్నాను. నా లెక్కలో అది సన్మానం. ఆమె లెక్కలో ఏమిటో నేను అడగలేదు.

ఎప్పటినుంచో సరిగ్గా చెప్పలేను గానీ, ఉన్నట్టుండి నా ఫొటోలకి వంకలు రావడం ఆగిపోయింది. మొదట నమ్మలేదు. కావాలని కాస్త కష్టమైన పనులే పెట్టాను. ఎవరూ కిమ్మనలేదు. ఇంత బతుకు బతికి చివరికి చెయ్యి తిరిగిందిరా అనుకున్నాను. మా ఆవిడ ఉండి ఉంటే చూపించి గొప్పలు పోయేవాణ్ణి. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ప్రతి కన్నూ ఆవిడకి చూపించాకే గడప దాటేది. వంకల్లో నేను ఆవిడ ముందు పిల్లకాకిని.

ఆవిడ పోయాక ఇంట్లో మాట వినపడటం మానేసింది. పొద్దున్నే టీ పెట్టుకుని, ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి, గ్రూపులో అందరి కళ్ళూ చూస్తూ వంకలు రాసేవాణ్ణి. అదే నాకు నలుగురితో కూర్చోవడం. ఎవరూ జవాబివ్వడం లేదు. చెప్పింది సబబుగా ఉంటే ఇంక వాదన దేనికి, ఇన్నాళ్ళకి నా మాట చెల్లుబాటవుతోందని మురిసిపోయాను. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, వాడు కనీసం అదేమిటి కొరుకుతున్నావని అడిగాడట. నన్ను ఆ మాటా ఎవరూ అడగలేదు.

మందుల షాపులో పనిచేసే అమ్మాయి నా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. చిన్నప్పుడు దెబ్బ తగిలిన కన్ను, పెద్దయ్యాక నొప్పి ఎక్కువై తీసేశారు. ఓపిక గల మనిషి. కొలతకి అచ్చు తీస్తున్నప్పుడు కూడా కదలకుండా కూర్చుంది. కన్ను పెట్టి అద్దం ఇచ్చాను. చాలాసేపు చూసుకుంది.

"మాస్టారూ, తెల్లగుడ్డు కాస్త నీలంగా ఉందేమో," అంది.

కిటికీ వైపు తిప్పి చూశాను. నాకు రెండూ ఒకేలా ఉన్నాయి. "కొత్త కన్ను కదమ్మా. చుట్టానికైనా రెండు రోజులు అలవాటు పడాలి," అన్నాను. నవ్వి వెళ్ళిపోయింది. మళ్ళీ కొన్నాళ్ళకి వచ్చింది.

"ఏమనుకోకండి మాస్టారూ. ఇంకా నీలంగానే ఉంది."

నాకు కాస్త చిర్రెత్తింది. ఫోన్ తీసి ఆమె చేతికిచ్చాను. "చూడు తల్లీ. ఎక్కడెక్కడి పనివాళ్ళో ఉన్నారు ఇందులో. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఊరుకునే రకాలు కాదు. తప్పుంటే తలంటేస్తారు. నీ ఫొటో పెట్టి ఇన్నాళ్ళయింది. ఒక్కరైనా నోరు మెదిపారా?"

ఆమె ఫొటో కింద ఉన్న ఖాళీ వైపు చూసింది. పైకీ కిందికీ జరిపి మళ్ళీ చూసింది.

"లేదండీ."

"మరి?"

"నాకే అలా కనిపిస్తోందేమోలెండి," అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది. చెప్పులు వేసుకుంటూ ఇంకేదో అనబోయి మానేసింది. అర్థమయ్యేలా చెప్పి పంపించానని నేను సంతోషపడ్డాను.

మా అమ్మాయి ఈ ఊళ్ళోనే ఆ చివర ఉంటుంది. సెలవు దొరికినప్పుడు వచ్చి ఫ్రిజ్‌లో పాడైనవన్నీ పారేసి, నన్ను నాలుగు అని వెళ్తుంది. ఒక మధ్యాహ్నం వచ్చి నా ఫోన్‌లో ఫొటోలు చూస్తూ ఆగింది.

"ఇదేంటి నాన్నా, ఈవిడ కన్ను నీలిమందు పెట్టి ఉతికావా?"

"ఏ కన్ను?"

"ఎడమది. అసలు కన్ను తెల్లగా ఉంది, ఇది చూడు, నీలంగా మెరుస్తోంది."

"నీకేం తెలుసే. పెద్ద పెద్ద పనివాళ్ళు చూసి ఊరుకున్నారు. ఒక్కరూ వంక పెట్టలేదు."

"ఎవరు చూశారు?"

"గ్రూపులో అందరూ."

దానిది వాళ్ళమ్మ పోలిక, వదిలిపెట్టదు. ఆ గ్రూపు ఎవరైనా చూడొచ్చు కాబట్టి తన ఫోన్‌లో తెరిచింది. కిందికి జరుపుతూ పోయింది. జరుపుతూనే ఉంది. తరవాత నా ఫోన్ తీసుకుని, తన ఫోన్ పక్కన బల్ల మీద పెట్టింది. నా దాంట్లో నిద్రపోయే కళ్ళాయన ఫొటోకీ, ఇంకెవరిదో ఫొటోకీ మధ్య నా ఫొటో ఉంది. దాని దాంట్లో ఆ రెండు ఫొటోలూ ఒకదాని కింద ఒకటి ఆనుకుని ఉన్నాయి. మధ్యలో నేను లేను.

"నాన్నా, నువ్వు పెట్టినవి ఒక్కటీ ఇక్కడ లేవు. నువ్వు రాసినవీ లేవు," అంది. ఆ తరవాత నన్ను ఏమీ అనలేదు. అది ఏమీ అనలేదంటేనే నాకు భయం వేసింది.

శిష్యుడికి ఫోన్ చేశాను.

"నా ఫొటోలు మా అమ్మాయికి కనపడటం లేదు. ఏమైందిరా?"

"గురువుగారూ, కూర్చున్నారా?" అన్నాడు.

"నా మోకాళ్ళతో నిలబడి ఎవరు మాట్లాడతారు. చెప్పు."

చెప్పాడు. గ్రూపు నడిపేవాళ్ళకి అలాంటి వెసులుబాటు ఒకటి ఉందట. ఒక మనిషిని తెర వెనక్కి పెట్టచ్చట. ఆ మనిషి రాసింది ఆ మనిషికి కనిపిస్తుంది, ఇంకెవరికీ కనిపించదు. తనని పక్కన పెట్టారని తెలియదు కాబట్టి గొడవ చెయ్యడు, కొత్త పేరుతో రాడు. తన పాటికి తను రాసుకుంటూ ఉంటాడు.

"చెప్పచ్చు కదరా. మాస్టారూ, నోరు అదుపులో పెట్టుకోండి, లేకపోతే బయటికి దయచెయ్యండి అంటే నా సొమ్మేం పోయేది?"

"పని నేర్పినవారిని బయటికి వెళ్ళమని ఏ నోటితో అంటానండీ. మొహమాటపడ్డాను."

మొహమాటానికి పోతే ఏమైందో సామెత ఒకటి ఉంది. అందరికీ తెలిసిందే, పూర్తి చెయ్యను.

"మీరు చేప కన్ను అన్నారే, ఆవిడ మూడు పూటలు అన్నం మానేసి ఏడ్చిందండీ. పనే వదిలేస్తానంది. కొత్తవాళ్ళు వచ్చినవాళ్ళు వచ్చినట్టే పారిపోయేవాళ్ళు. మీరు తెర వెనక్కి వెళ్ళాక ఒక్కరూ పోలేదు. భయం లేకుండా ఫొటోలు పెడుతున్నారు. నేను చేసింది తప్పే, కానీ దానివల్ల మంచి జరగలేదని మాత్రం అనలేను."

ఆమె ఏడ్చి ఉంటుందని నాకు ఎప్పుడూ తోచలేదు. తోచకపోవడం కూడా ఒక రకం గుడ్డితనమే.

"మరి ఆ రంగుల డబ్బాలు అమ్ముకునేవాడు రోజూ ప్రకటనలు పెట్టి చంపుతుండేవాడు కదా. వాడిని కూడా ఇలాగే చేశావా?"

"అసలు వాడి కోసమే ఇది మొదలుపెట్టామండీ. వాడు సాయంత్రానికల్లా కనిపెట్టి ఇంకో పేరుతో వచ్చేశాడు. వాడికి అనుమానం ఎక్కువ. రోజూ వేరే ఫోన్‌లోంచి చూసుకుంటాడట."

నాకు నవ్వొచ్చింది. అనుమానించేవాణ్ణి ఈ తెర ఒక పూట కూడా ఆపలేదు. నాకు ఇంకో ఫోన్‌లోంచి చూసుకోవాలని తట్టనే తట్టలేదు, తోటి పనివాళ్ళని అనుమానిస్తామా?

"కోపం వచ్చిందాండీ?" అన్నాడు.

"వచ్చింది. నా మాటలు వాళ్ళకి వెళ్ళకుండా చేశావు, సరే, నా నోటికి అది తగిన శాస్తే అనుకుంటాను. వాళ్ళ మాటలు నాకు రాకుండా చేశావు చూడు, అది ఎవరికిరా శాస్తి? మందుల షాపు అమ్మాయి కన్ను నువ్వైనా చూశావా?"

"చూడలేదండీ," అన్నాడు మెల్లగా. "తెర తీసి చూసే వీలు నాకుంది. సిగ్గేసి, మీవి తెరవడమే మానేశాను."

అంటే ఇన్నాళ్ళూ పొద్దున్నే చక్కెర డబ్బాతో మాట్లాడుకున్నాను. ఫోన్ పెట్టేశాక ఆ డబ్బా వైపు చూడబుద్ధి కాలేదు, తీసుకెళ్ళి అలమరలో పెట్టేశాను. ఒంటరిగా ఉండటం నాకు కొత్త కాదు. కానీ నలుగురిలో ఉన్నాననుకుంటూ ఒంటరిగా ఉన్నానని తెలిసినప్పుడు, గడిచిపోయిన రోజులు కూడా వెనక్కి వచ్చి మళ్ళీ ఒంటరివైపోతాయి.

మా అమ్మాయి నన్ను కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. "పసుప్పచ్చ అద్దాలు పెట్టుకుని లోకాన్ని చూస్తున్నట్టే. అన్ని రంగుల కంటే ముందు నీలం పోతుంది. మెల్లమెల్లగా పోతుంది కాబట్టి పోయినట్టు తెలియదు," అన్నాడు డాక్టరు. నేను ఏం పని చేస్తానో అడిగాడు. చెప్పాను. రాసుకుంటున్న కలం ఆపాడు గానీ పెద్దమనిషి, ఏమీ అనలేదు. దీపం కిందే చీకటి అంటారు కదా, ఆయనకీ అదే గుర్తొచ్చి ఉంటుంది.

ఈలోపు శిష్యుడు తెర తీసేశాడు. మందుల షాపు అమ్మాయి ఫొటో మళ్ళీ పెట్టి, "వంక చెప్పండి" అని రాశాను. మా అమ్మాయి తన ఫోన్‌లో చూసి, "కనిపిస్తోంది నాన్నా," అంది. తిట్లు తినడానికి సిద్ధపడి కూర్చున్నాను. నిజం చెప్పాలంటే తిట్లకి మొహం వాచి ఉన్నాను.

జవాబులు వెంటనే వచ్చాయి. పెద్దవాణ్ణని మొహమాటపడ్డారో, నా నోటికి జడిశారో, మెచ్చుకోకూడదన్న పద్ధతే పక్కన పెట్టారు. "అద్భుతం మాస్టారూ." "చాలాకాలానికి కనిపించారు, ఏది అసలుదో చెప్పలేకపోతున్నాం." నిద్రపోయే కళ్ళాయన దండం బొమ్మ పెట్టాడు. చేప కన్నావిడ ఎర్ర గుండె బొమ్మ పెట్టింది. కొత్తగా చేరిన కుర్రవాడెవరో, "తెల్లగుడ్డుకి ఏ రంగులు కలిపారో చెప్పండి, నేనూ అలాగే చేస్తాను," అని అడిగాడు. నేను ఉండబట్టలేక, "తెల్లగుడ్డు నీలంగా ఉంది, మీకెవరికీ కనిపించడం లేదా?" అని రాశాను. దాని కింద చేప కన్నావిడ, "మిమ్మల్ని మీరు అంత తక్కువ చేసుకోకండి మాస్టారూ," అని రాసింది. ఆమె మంచి మనసుతోనే రాసింది. అందుకే ఇంకేమీ అనలేకపోయాను.

మర్నాడు మందుల షాపుకి వెళ్ళాను. ఆమె లేదు. "మానేసిందండీ. పనిమంతురాలు. ఎందుకు మానేసిందో ఎంత అడిగినా చెప్పలేదు," అన్నాడు షాపాయన. ఆయన్నే అడిగి ఆమె ఇంటికి వెళ్ళాను. లాండ్రీ దుకాణం మీద, రెండో అంతస్తు. నా మోకాళ్ళు మెట్టు మెట్టుకీ నన్ను తిట్టాయి. తలుపు తీసింది. వాళ్ళాయన టాక్సీ నడుపుతాడు, ఇంట్లో లేడు. కుర్చీ జరిపి కూర్చోమంది. ఆమె ఎడమ కన్ను చూశాను. నాకు ఇంకా బ్రహ్మాండంగానే కనిపిస్తోంది.

"అమ్మా, నువ్వు చెప్పిందే నిజం," అన్నాను. "ఆ కన్ను నీలంగా ఉంది. నాకు శుక్లాలొచ్చి నీలం కనపడటం మానేసింది. నీకు చూపించిన గ్రూపులో ఆ ఫొటో అసలు ఎవరూ చూడలేదు. నాకు చెప్పకుండా నన్ను పక్కన పెట్టారు. ఆ సంగతి నాకిప్పుడే తెలిసింది."

ఆమె గ్రూపు గురించి ఏమీ అడగలేదు.

"నిజంగానే నీలంగా ఉందా?"

"ఉంది."

"నాకు కనిపిస్తున్నట్టే ఉందా?"

"అలాగే ఉందమ్మా. మా అమ్మాయి కూడా చెప్పింది."

ఆమె మంచం అంచున కూర్చుంది. కొంగుని వేలికి చుట్టుకుంది. తరవాత మాట్లాడింది, నాతోనో తనతోనో.

"మా ఆయన్ని అడిగాను. దేవతలా ఉన్నావన్నాడు. ఆయన మాటకేం, ఉప్పు మరిచిపోయిన కూర కూడా అమృతమంటాడు. మా అక్కని అడిగాను. ఏది పెట్టుడు కన్నో తనకే తెలియట్లేదంది. షాపులో అందరూ బావుందన్నారు. అంతమంది పనివాళ్ళు వంక పెట్టలేదని మీరు చూపించారు. ఇంతమందికి బాగున్నది నాకొక్కదానికే నీలంగా కనిపిస్తోందంటే, ఇంక తేడా నా చూపులోనే ఉందనుకున్నాను. ఉన్న ఒక్క కన్నూ పోతోందనుకున్నాను మాస్టారూ."

"డాక్టరుకి చూపించుకోలేదా తల్లీ?"

"భయమేసింది. పోతోందని ఆయన నోటితో అంటే ఇంక నిజమైపోతుంది కదా."

"మరి షాపు?"

"తెలుపుకీ నీలానికీ తేడా తెలియని చూపుతో మందులెలా ఇస్తాను? ఎవరికైనా ఒక మాత్ర బదులు ఇంకొకటి ఇస్తే? మానేశాను."

"మాత్రలు కూడా నీలంగా కనిపించాయా?"

"లేదు. మాత్రలు సరిగ్గానే కనిపించేవి. నాకే నమ్మకం పోయింది."

లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి, కన్ను తీసి కడిగి, తుడిచి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. కళ్ళు బాగుచేయించుకున్నాకే దీన్ని మళ్ళీ ముట్టుకుంటానని, రంగు కుదిరిందో లేదో ఈసారి నువ్వే చెప్పాలని అన్నాను. తల ఊపింది. "నన్ను నాలుగు మాటలను తల్లీ," అన్నాను. నవ్వింది. ఒక్కటీ అనలేదు.

టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. ఎంతసేపటికీ పొయ్యి వెలిగించిన చప్పుడు లేదు. కుర్చీలోంచే గుమ్మం వైపు తొంగి చూస్తే, అరలో ఉన్న డబ్బాలు ఒక్కొక్కటే దింపి, వాటికి చుట్టి ఉన్న రబ్బరు బ్యాండ్లు లాగేస్తోంది.

"అవేంటమ్మా?"

"చూపు పోయాక చేత్తో తడిమి గుర్తుపట్టడానికి పెట్టుకున్నానండీ. పంచదారకి ఒకటి, ఉప్పుకి రెండు. మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు కన్ను మూసుకుని అలవాటు చేసుకుంటున్నాను," అంది. మామూలుగానే అంది, ఊడదీసినవాటిని ఒక గిన్నెలో వేస్తూ.

అరచెయ్యి కిటికీ వైపు తిప్పి, నేను చేసిన కన్నుని వెలుతురులో మళ్ళీ చూశాను. నాకు అది తెల్లగానే కనిపించింది.